ఆపమంటే ఆగే బస్సు

మొన్న ఆదివారం ఈ దేశంలో మేముండే పాపటోయిటోయి పేట తెలుగువాళ్ళ ఫోన్ గ్రూపులో ఒక మరణవార్త వచ్చింది. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, హామిల్టన్‌లో అంత్యక్రియల వివరాలు, దయచేసి పువ్వులు తేవద్దని మనవి. ఎవరో పెద్దావిడ అనుకుని, అందరూ పెట్టిన దండం బొమ్మే నేనూ ఒకటి పెట్టి, దాని కింద ఎవరో సోఫా అమ్ముతామంటే ఆ మెసేజ్‌లోకి వెళ్ళిపోయాను. కాసేపటికి ఎవరో ఫోటో పెట్టారు. చూస్తే మా ఆంటీ. ఏడాదికి పైగా నా కూతుర్ని రోజూ ఆవిడ ఇంట్లో దింపి ఉద్యోగానికి వెళ్ళినదాన్ని, ఆవిడ పేరేమిటో నాకు తెలియదు. నా ఫోన్లో కూడా ‘ఆంటీ’ అనే ఉంది. ఆ పేరుతో అందులో ఇంకో ముగ్గురున్నారు.

మా మధ్య చుట్టరికం లేదు. పెద్ద స్నేహమూ లేదు. నిజం చెప్పాలంటే మొదట్లో ఆవిడంటే నాకు చిరాకు.

పిల్లల్ని చూసుకునేవాళ్ళు ఎలా ఉంటారో మనకి ఒక లెక్క ఉంటుంది. గుమ్మంలోనే ఎదురొచ్చి బుగ్గలు పుణికి, గొంతు సన్నం చేసి ముద్దుగా మాట్లాడాలి. ఈవిడ అలాంటివేమీ చేసేది కాదు. పిల్లల దగ్గర గొంతు మార్చేది కాదు, పెద్దగా నవ్వేది కూడా కాదు. మోకాళ్ళ నొప్పులు కావడంతో కింద కూర్చోలేక, బాత్రూములో వేసుకునే ప్లాస్టిక్ స్టూలు ఒకటి హాల్లో ఫ్రిజ్ పక్కన వేసుకుని కూర్చునేది. పిల్లలే ఆవిడ చుట్టూ తిరిగేవారు. ఆవిడ ఎవరి వెంటా పడేది కాదు.

కోనసీమ మనిషి. ప్రతి మాటకీ ‘అండి’ ఉండాల్సిందే. అది నాకు కొత్త కాదు గానీ, రెండేళ్ళ పిల్లలకి కూడా తగిలించడం మాత్రం నేనెక్కడా చూడలేదు. “ఏవండీ, చెప్పులు అటుదిటు వేసుకున్నట్టున్నారు, ఓసారి చూసుకోండి,” అనేది, డయాపర్ కూడా వదలని వాడితో. మాది నంద్యాల. మా వైపు మేనమామకి కూడా అంత మర్యాద దొరకదు. ఇదంతా వేళాకోళం అనుకున్నాను కొన్నాళ్ళు. కాదు. ఆవిడ అలాగే మాట్లాడుతుంది, అంతే.

ఎవరికైనా కాదని చెప్పాల్సి వస్తే ముందు సోంపు డబ్బా తీసేది. ఇన్ని గింజలు నోట్లో వేసుకుని, నమిలి, అప్పుడు చెప్పేది. డబ్బా మూత తియ్యగానే ఎదుటివాళ్ళకి అర్థమైపోయేది, మన పని కాదని.

నా కూతురు అన్విని ఆవిడ దగ్గర చేర్చేనాటికి దానికి మూడేళ్ళు నిండలేదు. చలి మొదలైతే చాలు, దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. ఆస్తమా అన్నారు. డాక్టరు ఒక నీలం పంపు, దానికి తగిలించే ప్లాస్టిక్ గొట్టం, గొట్టం చివర మొహానికి ఆనించే మాస్కు ఇచ్చింది. ఆ గొట్టాన్ని స్పేసర్ అంటారు. పంపు నొక్కి, మాస్కు ముక్కూ నోరూ కప్పేలా పెట్టి, పిల్ల నింపాదిగా కొన్నిసార్లు ఊపిరి పీల్చేదాకా ఉంచాలి. చెప్పడానికి ఇంతే. మా ఇంట్లో మాత్రం అది కోడిని పట్టినట్టుండేది. మా ఆయన కాళ్ళు, మా అమ్మ చేతులు, నేను తల. ఏడిస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోదని నర్సు ముందే చెప్పింది. అది ఏడవని రోజు లేదు. ఒకసారి ఆస్పత్రిలో చేర్చడం కూడా అయింది. మందు సరిగ్గా లోపలికి పోకపోతే మళ్ళీ చేర్చాల్సి వస్తుందన్నారు. అన్నిటికన్నా నన్ను తినేసింది వేరే. చివరికి దానికి జబ్బు కంటే మేమంటేనే భయం పట్టుకుంది. నేను రెండు చేతులూ చాచి దగ్గరికి వెళ్తే సోఫా వెనక్కి పోయి దాక్కునేది.

మొదటిరోజు ఆంటీకి అంతా చూపించి, “గట్టిగా పట్టుకోవాలి ఆంటీ, లేకపోతే వేయించుకోదు,” అన్నాను.

డబ్బా మూత తీసింది. నమిలింది.

“నేను పట్టుకోనండి.”

“మరెలాగ?”

“ఆవిడే పట్టుకుంటారండి,” అంది, అన్వి వైపు చూపిస్తూ.

ఈవిడకి పిల్లల సంగతి తెలిసినట్టు లేదనుకున్నాను. కానీ ఎయిర్‌పోర్టు దగ్గర వేర్‌హౌస్‌లో నా షిఫ్టు పొద్దున్నే మొదలవుతుంది. ఆ వేళకి పిల్లని తీసుకునేవాళ్ళు మా దరిదాపుల్లో ఇంకెవరూ లేరు. నోరు మూసుకుని వెళ్ళిపోయాను.

కొద్దిరోజుల తర్వాత సాయంత్రం పిల్లని తీసుకెళ్ళడానికి వస్తే, గుమ్మంలో ఆపి అడిగింది. “అన్వి గారికి ఇంట్లో ఆవిరి పట్టారాండి?”

ఈవిడకెలా తెలిసిందని ఆశ్చర్యపోయాను. నిజమే, పట్టాం. మా అమ్మ నంద్యాల నుంచి ఆర్నెల్ల వీసా మీద వచ్చింది. వచ్చిన వారానికే అన్వికి జలుబు చేసింది. “ఈ పంపులు, గొట్టాలు ఏంటికి? బిడ్డకి రొంత ఆవిరి పడితే సరిపోతాది. మిమ్మల్ని మేము సాకలేదా?” అని, గిన్నెడు మరిగే నీళ్ళల్లో పసుపూ తులసాకూ వేసి, పిల్లని ముందు కూర్చోబెట్టుకుని, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పేసింది. పిల్ల లేవబోతే తల వంచి పట్టుకుంది. దుప్పటిలోంచి వచ్చిన ఆ కేక విని పక్క ఫ్లాట్‌లో ఉండే ఈ దేశపు కీవీ ముసలాయన తలుపు కొట్టాడు. గిన్నె ఒలకలేదు, అదొక్కటే అదృష్టం. చిన్నపిల్లలకి ఆవిరి పెడితే ఒళ్ళు కాలే ప్రమాదం తప్ప లాభం లేదని తర్వాత క్లినిక్‌లో గట్టిగానే చెప్పారు. మళ్ళీ ఎప్పుడూ పట్టలేదు. మేం ఆ సంగతి మర్చిపోయాం కూడా.

“చొక్కా తలమీంచి తీస్తుంటే కొయ్యలా బిగుసుకుపోతున్నారండి,” అంది ఆవిడ. “మనిళ్ళల్లో పిల్లల మొహమ్మీద గుడ్డ కప్పేది ఇంకెందుకండి, ఆవిరికే కదా. పాపం, ఆవిడకి మాస్కన్నా అదే, దుప్పటన్నా అదే. మీ అమ్మగార్ని ఏమీ అనకండి. మా ఇంట్లోనూ పట్టినవాళ్ళమే.”

ఇక పని మొదలుపెడుతుందేమో అనుకుంటే, అలాంటిదేమీ జరగలేదు. “పొద్దున్నా రాత్రీ డాక్టరు వెయ్యమన్నది మీరు వెయ్యండి, మానకండి. మధ్యలో ఒట్టి గొట్టంతో మమ్మల్ని ఆడుకోనివ్వండి,” అంది. ఆవిడ దగ్గర ఉంచమని నేనిచ్చిన స్పేసర్ తీసుకెళ్ళి బొమ్మల బుట్టలో పడేసింది. పాత టీ కెటిలూ, చెవి చిరిగిన గుడ్డ ఏనుగూ, మొక్కలకి నీళ్ళు పోసే డబ్బా, వాటి మధ్య మా ముప్పుతిప్పలన్నిటికీ కారణమైన ఆ గొట్టం. నాకు ఒళ్ళు మండింది.

ఒకరోజు నేను వచ్చేసరికి అన్వి ఏనుగుకి మాస్కు పెడుతోంది. “ఏనుగు గారికి ముక్కు పొడుగండి, మాస్కు సరిపోవట్లేదు. ఏం చేద్దామంటారు?” అని ఆంటీ సీరియస్‌గా సలహా అడుగుతోంది. అన్వి చాలాసేపు ఆలోచించి, మాస్కు తీసుకెళ్ళి ఏనుగు చెవికి పెట్టింది. “అలాగేనండి,” అంది ఆంటీ. “ముక్కు” అని దిద్దలేదు. నేనైతే దిద్దేదాన్ని.

తర్వాత బస్సు వచ్చింది. హాల్లో కుర్చీలు వరసగా వేసి, మీద ఒక దుప్పటి పరిచి, నాలుగు పక్కలా తెరిచి ఉంచింది. అదే బస్సు. మిగతా పిల్లలు దూరి కూర్చున్నారు. అన్వి దుప్పటి చూసి తలుపు దాకా వెనక్కి పోయింది. ఆంటీ రమ్మని పిలవలేదు. “కండక్టరుగారు గుమ్మంలోనే నిలబడాలండి, లోపలికి రాకూడదు,” అని, సూపర్‌మార్కెట్ కరపత్రాలు చింపి చేసిన టికెట్లు దాని చేతిలో పెట్టింది. అలా చాలా రోజులు బయటే నిలబడి టికెట్లు కొట్టింది అన్వి. ఒకరోజు ఎవరూ అడక్కుండానే తనకీ ఒకటి కొట్టుకుని దుప్పటి కిందకి వెళ్ళిందట.

ఆ బస్సుది ఎప్పుడూ ఒకటే దారి. రావులపాలెం, కొత్తపేట, పలివెల, ముక్కామల, అంబాజీపేట, అమలాపురం. మాస్కు పెట్టుకుని ఒక ఊపిరి పీల్చి వదిలితే ఒక ఊరు. పాపటోయిటోయిలో పుట్టి, తెలుగంటే ఏదో అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇచ్చే పిల్లలు, ఇంటికొచ్చి పలివెల, ముక్కామల అని వాళ్ళ యాసలో కలవరిస్తుంటే మా తల్లులందరం తెల్లబోయేవాళ్ళం. ఆవిడ ఆ దారిలో ఎన్నేళ్ళు తిరిగిందో, ఎందుకు తిరిగిందో నేనెప్పుడూ అడగలేదు.

గొట్టం మీద టమాటా సాస్ సీసా ఎర్రమూత ఒకటి టేపుతో అంటించింది. అది దిగే బటన్. ఇక్కడి పిల్లలకి బస్సంటే బటన్ నొక్కడమే కదా. నొక్కితే మాస్కు తక్షణం మొహమ్మీంచి దిగిపోవాలి. పంపు నొక్కేసి ఉన్నా సరే, మందు వృథా అయినా సరే. నేను దానికి అడ్డం చెప్పాను. “ఇలా అయితే ఇష్టమొచ్చినట్టు నొక్కుతూనే ఉంటుంది ఆంటీ.”

“నొక్కనివ్వండి. ఆపమంటే ఆగే బస్సని నమ్మకం కుదిరాక ఎవరూ నొక్కరండి. ఆగనంటేనే దూకుతారు.”

చాక్లెట్లు పంపించాను, తిప్పి పంపింది. ఫోన్లో కార్టూన్ పెట్టమన్నాను. డబ్బా మూత తీసింది. “లంచమిస్తే ఇదేదో చెయ్యకూడని పనేమో అనుకుంటారండి.” బ్రేవ్ గర్ల్ అని రాసున్న స్టిక్కర్లు తీసుకెళ్ళాను. అవీ నచ్చలేదు. “ధైర్యం అన్నామంటే ఇక్కడ భయపడాల్సిందేదో ఉందని మనమే చెప్పినట్టు కదండీ.” ఈవిడతో వాదించి గెలవలేమని ఊరుకున్నాను.

జూన్‌లో, ఇక్కడ అది చలికాలం, ఒక పొద్దున అన్విని కారులో తీసుకొస్తుండగా పిల్లికూతలు మొదలయ్యాయి. ఇంట్లో బయల్దేరినప్పుడు ఉత్త జలుబే. మేం ఆంటీవాళ్ళ గుమ్మంలోకి చేరేసరికి అన్వికి మాట రావడం లేదు, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతోంది. ఆవిడ స్టూలు మీద కూర్చుని అన్విని ఒళ్ళోకి తీసుకుంది. ఎందుకో ఆ రోజు దుప్పటీ లేదు, కుర్చీలూ లేవు. “రైట్ రైట్,” అని పంపు నొక్కింది. మాస్కు అన్వి చేతులతోనే పెట్టించింది.

“రావులపాలెం.”

ఒక ఊపిరి.

“కొత్తపేట.”

అన్వి చెయ్యి ఎర్రమూత మీదకి పోయింది. ఆవిడ మాస్కు తీసేసింది. “కొత్తపేటండి, దిగేవాళ్ళు దిగచ్చు.” పిల్ల ఒళ్ళోంచి జారి, పాక్కుంటూ పోయి గోడకి ఆనుకుంది. నేను ఒక్క అంగలో వెళ్ళి పట్టుకోబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“పట్టుకోకండి.”

“దానికి ఊపిరి అందట్లేదు ఆంటీ.”

“తెలుసండి. అంబులెన్స్ నంబరు కొట్టి ఫోన్ చేతిలో ఉంచుకోండి. నేను ఆవిడ పెదాలే చూస్తున్నాను, రంగు మారితే నేనే చెయ్యమంటాను. ఇప్పుడు మీరు పట్టుకున్నారంటే ఏడుస్తారు, ఏడిస్తే మందు పోదు. రేపట్నుంచి ఎవరి బస్సూ ఎక్కరు కూడా.”

గొంతులో కంగారు లేదు. ఆ క్షణంలో ఆవిడంటే నాకు పుట్టిన కోపం అంతా ఇంతా కాదు. ప్రాణం మీదకొచ్చింది నా కూతురికి, ఈవిడకి బస్సు గోల. ఇంకెప్పుడూ ఈ గుమ్మం తొక్కకూడదనుకున్నాను. వేలు మాత్రం ఫోన్ మీదే ఉంది.

ఆవిడ ఏనుగుని ఒళ్ళోకి తీసుకుని దానికి మాస్కు పెట్టింది. అన్వి వైపు తిరగలేదు గానీ కళ్ళు మాత్రం పిల్ల మీదే ఉన్నాయి. “పలివెల. ఏనుగు గారూ, కాస్త లోపలికి జరగండి, ఇక్కడ జనం ఎక్కుతారు.” పైన విమానం ఒకటి కిటికీలు అదరగొడుతూ దిగింది. అది పోయేదాకా ఆగింది. “ముక్కామల.”

గోడ దగ్గర్నుంచి అన్వి, ఊపిరికీ ఊపిరికీ మధ్య, “వెయిట్,” అంది.

“ఆపానండి.”

వచ్చింది. ఏనుగు మొహం మీంచి మాస్కు లాక్కుని తన మొహానికి తనే పెట్టుకుంది. ఆవిడ మళ్ళీ పంపు నొక్కి, “ఇది వేరే బస్సండి, మళ్ళీ రావులపాలెం నుంచీ,” అంది. ఈసారి బటన్ మీదకి చెయ్యి వెళ్ళలేదు. అమలాపురం దాకా వెళ్ళింది. మళ్ళీ బయల్దేరింది, మళ్ళీ వెళ్ళింది. చివరికి మాస్కు తీసి, ఇక్కడ బస్సు దిగేవాళ్ళందరూ అన్నట్టే, సన్నటి గొంతుతో “థాంక్యూ డ్రైవర్,” అంది. అప్పుడు ఏడ్చాను నేను. ఆవిడ నన్ను ఓదార్చలేదు. “తగ్గిందనుకుని ఊరుకోకండి, ఇటునుంచి ఇటే డాక్టరు దగ్గరకి వెళ్ళండి,” అని నా కారు తాళాలు నా చేతిలో పెట్టింది.

క్లినిక్‌లో ఇంకా చాలా పంపులు వేశారు. నర్సు మాస్కు అందించగానే అన్వి తీసుకుని పెట్టుకుంది. ఒక్కో ఊపిరికీ మాస్కులోంచే ఊరి పేరు చెబుతుంటే, అదేమిటని నర్సు నన్నడిగింది. బస్‌స్టాపులు అన్నాను. పిల్లకి బస్సులంటే ఇష్టమా అంది. అవునన్నాను. ఆ సాయంత్రం ఇంట్లో మందు వేసే వేళకి మా ఆయన అలవాటు కొద్దీ కాళ్ళ దగ్గర చేరాడు. అన్వి ఆయనకో టికెట్ ఇచ్చి పక్కన కూర్చోమంది.

మా అమ్మకి మాత్రం టికెట్ దొరకలేదు. “అమ్మమ్మ నో,” అనేసేది. ఆమె ఆ మాటకి చిన్నబుచ్చుకుని గది గుమ్మంలో కూర్చుని చూసేది. “నేను చెడ్డ చేస్తానా బిడ్డకి,” అని నా దగ్గర కళ్ళు తుడుచుకుంది కూడా. ఒకసారి ఆంటీతో అంటే, “మీ అమ్మగార్ని స్టాపులో నిలబడమనండి. చెయ్యెత్తద్దనండి. నిలబడితే చాలు,” అంది. నంద్యాల మనిషికి ఓర్పు తక్కువ. అయినా నిలబడింది. ఊరెళ్ళే ముందు ఆమెకీ ఒక టికెట్ దొరికింది. విమానం ఎక్కేటప్పుడు ఆ చింపిన కాగితం పాస్‌పోర్టులో పెట్టుకుని వెళ్ళింది.

అన్వి కిండర్‌గార్టెన్‌కి వెళ్ళడం మొదలుపెట్టాక ఆంటీవాళ్ళు హామిల్టన్ వెళ్ళిపోయారు. అక్కడ రోటోటూనా అనే పేటలో ఆవిడ కూతురు కొత్త ఇల్లు కట్టుకుందట. పండగలకి మెసేజ్‌లు ఉండేవి, క్రమంగా అవీ తగ్గాయి. అన్వికి ఏడేళ్ళప్పుడు అటువైపు పని పడి, ముందుగా ఫోన్ చేసి వెళ్ళాం. ఆవిడ బియ్యప్పిండి, బెల్లంతో పాకుండలు చేసి ఉంచింది. బాగా సన్నబడింది. స్టూలు పోయి కుషన్ వేసిన కుర్చీ వచ్చింది. అన్వి ఒక పాకుండ కొరికి, పక్కన పెట్టి, పెరట్లో పిల్లలు ఎగిరి గెంతే ట్రాంపొలిన్ ఉండటం చూసింది. చల్లగాలిలో ఎగరాలంటే ముందు మందు వేసుకోవాలి. బ్యాగులోంచి పంపూ స్పేసరూ తీసుకుంది. ఇప్పుడు మాస్కు లేదు, గొట్టం నోట్లో పెట్టుకోవడమే. కిటికీలోంచి ట్రాంపొలిన్ కేసి చూస్తూనే, ఊళ్ళూ లేవు పేర్లూ లేవు, గబగబా పీల్చేసింది. ఆంటీ కుర్చీలో ముందుకి వంగి అదంతా చూసింది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. “అన్వీ, ఆంటీ గుర్తున్నారా? బస్సు గుర్తుందా? రావులపాలెం?” అన్నాను.

“వాట్ బస్?” అంది అన్వి.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ మొహం వైపు చూడలేకపోయాను. ఎలాగైనా గుర్తు చెయ్యాలని, “అదేనే, నీకు మాస్కంటే ఎంత భయమో, దుప్పటి చూస్తే చాలు ఎలా ఏడ్చేదానివో,” అని మొదలుపెట్టాను. ఆవిడ నా మణికట్టు మీద చెయ్యి వేసింది. చెయ్యి చల్లగా ఉంది.

“వద్దండి,” అంది మెల్లగా. “గుర్తు చెయ్యకండి.”

“అదికాదు ఆంటీ, మీరు అంత చేశారు...”

“ఆ భయం పోయినప్పుడు దాంతోపాటు నేనూ పోవాలి కదండీ. నన్నొక్కదాన్నీ ఎలా ఉంచుకుంటారు?”

ఆ మాట బాగానే అంది గానీ, చేతులు మాత్రం ఊరికే ఉండలేదు. పాకుండల గిన్నె మీద మూత పెట్టింది, మళ్ళీ తీసింది. నేను లేచి అటు తిరిగి నిలబడ్డాను. ఎదురుగా అన్వి, స్పేసర్ చేతిలో పట్టుకుని, మేమేం మాట్లాడుకుంటున్నామో తెలియక ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

ఆంటీ చీర చెంగు సర్దుకుని, దానివైపు తిరిగి, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుగా అడిగింది.

“మీ పేరేంటండి?”

అన్వి చెప్పింది.